చర్చల బల్ల లేని చోట: అండమాన్ అధ్యాపకుల జీతభత్యాల చరిత్ర

ఉపాధ్యాయుల జీతాల చరిత్ర రాయాలంటే 1966 అక్టోబరు నుంచి మొదలుపెట్టడం మంచిది. ఆ నెల 5న యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ చొరవతో పారిస్‌లో సమావేశమైన ప్రభుత్వాలు ఉపాధ్యాయుల హోదా మీద ఒక సిఫారసు పత్రాన్ని ఆమోదించాయి. జీతాలు, పని పరిస్థితులు ఉపాధ్యాయ సంఘాలకూ యాజమాన్యాలకూ మధ్య చర్చల్లో తేలాలన్నది అందులోని ముఖ్యమైన అంశం. ఏటా అక్టోబరు 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం జరిపేది ఈ పత్రం పుట్టిన రోజుకు గుర్తుగానే. అది బడి పంతుళ్లకు సంబంధించింది. కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవారికి అదే హక్కును గుర్తిస్తూ యునెస్కో 1997 నవంబరులో మరో సిఫారసు చేసింది.

పారిస్ పత్రం వచ్చిన నెలలోనే ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగాన్ని ప్రారంభించింది. ఉద్యోగ సంఘాల వాడుకలో జేసీఎం అంటే ఇదే. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులు చేసిన సార్వత్రిక సమ్మె తర్వాత, అలాంటిది మళ్లీ రాకూడదన్న ఆలోచనతో తెచ్చిన ఏర్పాటు ఇది. అధికారులూ సంఘాల ప్రతినిధులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. జీతభత్యాలు, వారానికి పనిగంటలు, సెలవులు అనే మూడు విషయాల్లో మాట కుదరకపోతే వ్యవహారం మధ్యవర్తిత్వ మండలికి వెళ్లాలి. మన దేశంలో ప్రభుత్వ ఉద్యోగికి జీతం గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడే హక్కు లాంటిది ఏదైనా ఉందంటే అది ఇక్కడే ఉంది.

కాకపోతే ఆ పథకంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గెజిటెడ్ హోదా ఉండే పై తరగతుల సర్వీసుల వారికి చాలావరకు అది వర్తించదు. పోలీసులకు వర్తించదు. కేంద్రపాలిత ప్రాంతాల ఉద్యోగులకూ వర్తించదు.

మరుసటి ఏడాది, 1967లో, పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం మొదలైంది. రాజకీయ అంటే ఇక్కడ హిందీలో ప్రభుత్వ అని అర్థం. ఊళ్లో అందరూ జేఎన్ఆర్ఎం అనే పిలుస్తారు. అండమాన్ నికోబార్ దీవుల్లో ఇదే తొలి డిగ్రీ కాలేజీ. అందులో చేరిన ప్రతి రెగ్యులర్ లెక్చరరూ కేంద్రపాలిత ప్రాంతం ఉద్యోగి, పైగా గెజిటెడ్ హోదా ఉన్నవాడు. అంటే పైన చెప్పిన మినహాయింపుల్లో రెండింటి కిందికి వస్తాడు. కాలేజీ తలుపులు తెరవకముందే అక్కడి అధ్యాపకులకు చర్చల బల్ల దగ్గర చోటు లేకుండా పోయింది. ఆ తర్వాత జరిగినదంతా ఈ ఒక్క సంగతి నుంచే అర్థమవుతుందని నా అభిప్రాయం.

మొదట్లో ఈ కాలేజీకి అనుబంధ విశ్వవిద్యాలయం ఎక్కడో చండీగఢ్‌లో ఉన్న పంజాబ్ విశ్వవిద్యాలయం. 1985లో పాండిచ్చేరిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడి, దాని పరిధిలోకి పుదుచ్చేరితో పాటు లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులు చేరాయి. 1990లో మాయాబందర్‌లో మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల వచ్చింది. ఠాగూర్ పేరుతో బీఎడ్ కాలేజీ, అంబేడ్కర్ పేరుతో ఇంజనీరింగ్ కాలేజీ, 2015లో వైద్య కళాశాల, 2016లో ఆంకాల్ అని పిలిచే అండమాన్ కాలేజీ కూడా వచ్చాయి. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పోర్ట్ బ్లెయిర్‌లో తన సొంత క్యాంపస్ కూడా పెట్టి సముద్ర అధ్యయనాలు, సముద్ర జీవశాస్త్రం బోధిస్తోంది. ఇలా ఒకే ఊళ్లో పాఠాలు చెప్పే అధ్యాపకులకు యజమానులు వేరువేరు. ఒకరికి దీవుల పరిపాలన యంత్రాంగం యజమాని, ఇంకొకరికి సముద్రం అవతలి కేంద్రీయ విశ్వవిద్యాలయం. వైద్య కళాశాలను నడిపేది ఒక సొసైటీ. అందరూ ఒక సంఘంగా ఏర్పడినా, వాళ్ల కోరికలు వినవలసిన యజమాని ఒక్కడు కాడు.

తెలుగు పాఠకులకు ఇది తెలియాల్సిన విషయమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు జంగ్లీఘాట్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. ఆ పిల్లలు ఇంటర్ దాటాక చదివేది ఈ కాలేజీల్లోనే. విశాఖ నుంచి ఓడెక్కితే సుమారు 1,200 కిలోమీటర్లు. పంతులు ఏడాది మధ్యలో మానేస్తే ఆ సబ్జెక్టుకు మరొకరిని అక్కడికి రప్పించడం అంత తేలిక కాదు.

జీతాలు ఎలా నిర్ణయమయ్యాయో ఇప్పుడు చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి పెద్ద సిఫారసు 1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌ది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషి కనుక లెక్చరర్ల ఇబ్బందులు ఆయనకు దగ్గరగా తెలుసు. ప్రొఫెసర్‌కు 900 నుంచి 1,350 రూపాయలు, రీడర్‌కు 600 నుంచి 900, లెక్చరర్‌కు 300 నుంచి 600 ఇవ్వాలని ఆ కమిషన్ చెప్పింది. 1956లో విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యూజీసీ) చట్టబద్ధత వచ్చాక ఇదే పద్ధతి స్థిరపడింది. పదేళ్లకోసారి కేంద్రం ఒక కమిటీ వేస్తుంది, కమిటీ అంకెలు చెబుతుంది, మంత్రిత్వ శాఖ వాటిలో కొన్నిటిని ఒప్పుకుంటుంది. సేన్ కమిటీ తర్వాత 1973లో లెక్చరర్ స్కేలు 700-1,600 అయింది. మెహ్రోత్రా కమిటీ తర్వాత 2,200-4,000, రస్తోగి కమిటీ తర్వాత 8,000-13,500. 2008లో ఛడ్డా కమిటీ, ఆ తర్వాత చౌహాన్ కమిటీ. 2017 నవంబరు ఉత్తర్వుతో అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మూలవేతనం 57,700 రూపాయలకు చేరింది.

ఈ వరసలో ఒక్కచోట మాత్రం అధ్యాపకులు తమంతట తాము బల్ల దగ్గరికి వెళ్లి కూర్చోగలిగారు. అది 1987. కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘాల అఖిల భారత సమాఖ్య, ఐఫుక్టో, 1962లో పుట్టింది. మెహ్రోత్రా కమిటీ సిఫారసులను కత్తిరించి 1987 జూన్‌లో కేంద్రం పథకం ప్రకటించగానే సమాఖ్య సమ్మెకు పిలుపునిచ్చింది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సుమారు నెల రోజుల పాటు దేశమంతటా కాలేజీలు మూతపడ్డాయి. కేంద్ర మంత్రిత్వ శాఖ సంఘ నాయకులను పిలిచి మాట్లాడింది. మరుసటి ఏడాది జులైలో ఆ పథకాన్ని సవరిస్తూ కొత్త ఉత్తర్వు వచ్చింది. ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత సీనియర్ స్కేలు, పదహారేళ్ల తర్వాత సెలక్షన్ గ్రేడు అనే పదోన్నతుల మెట్లు ఆ కాలపు ఫలితమే. ఖాళీ ఉన్నా లేకపోయినా పైస్థాయికి చేరవచ్చన్న హామీ దొరకడం చిన్న విషయం కాదు. అంతకుముందు లెక్చరర్‌గా చేరి లెక్చరర్‌గానే రిటైరైన వాళ్లు ప్రతి కాలేజీలోనూ ఉండేవారు.

ఆ 1988 జులైలోనే, 27న, సుప్రీంకోర్టు నుంచి ఒక తీర్పు వచ్చింది. గోవాలో ఒక ప్రైవేటు బడి ఉపాధ్యాయిని సుందరంబాళ్, తనను తొలగించినందుకు కార్మిక న్యాయస్థానానికి వెళతానంది. పదేళ్ల ముందు, 1978లో, బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ప్రధాన తీర్పు రాసిన ధర్మాసనం విద్యాసంస్థ కూడా పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పరిశ్రమేనని చెప్పి ఉంది. కనుక ఆమె ఆశకు ఆధారం ఉంది. కోర్టు మాత్రం సంస్థ పరిశ్రమే గానీ అందులో పాఠం చెప్పే మనిషి కార్మికుడు కాదంది. బడిలో తోటమాలికి, డ్రైవరుకు ఉన్న దారి పంతులుకు మూసుకుపోయింది. అదే తీర్పులో, దుర్మార్గపు యాజమాన్యాలు టీచర్లను ఎలా పీడిస్తాయో తమకు తెలుసనీ, వాళ్లకు న్యాయం జరగాలంటే తగిన యంత్రాంగం ఉండాలనీ కోర్టు స్పష్టంగా రాసింది. చాలా ప్రైవేటు కాలేజీల్లో అలాంటి యంత్రాంగం నేటికీ లేదు. గ్రాట్యుటీ విషయంలోనూ ఇదే చిక్కు వచ్చింది. చట్టంలోని ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి టీచర్ రాడని 2004లో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి 1997 నుంచి వర్తింపజేయాల్సి వచ్చింది. ఆ సవరణ చెల్లుతుందని కోర్టు ఒప్పుకునేసరికి 2022 అయింది.

అమెరికాలోనూ ఇలాంటి అడ్డంకే వచ్చింది. 1980లో యెషీవా విశ్వవిద్యాలయం కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో పూర్తికాలపు ప్రొఫెసర్లు నిర్వాహకుల కోవలోకి వస్తారు కాబట్టి వారికి బేరమాడే హక్కు ఉండదంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు మాత్రం ఆ తీర్పు అంటలేదు. తెలుగువాళ్లు దండిగా ఉండే న్యూజెర్సీలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో 2023 ఏప్రిల్‌లో మూడు సంఘాలు కలిసి సమ్మె చేశాయి. ఆ సంస్థ 257 ఏళ్ల చరిత్రలో అదే మొదటి అధ్యాపక సమ్మె. గవర్నర్ ఇరుపక్షాలనూ రాజధాని ట్రెంటన్‌కు పిలిపించుకున్నారు. ఐదు రోజుల్లో ఒప్పందానికి రూపం వచ్చింది. పార్ట్‌టైం లెక్చరర్ల వేతనం నాలుగేళ్లలో 40 శాతానికి పైగా పెరిగేలా రాసుకున్నారు. అక్కడ నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రొఫెసర్లు తమ జీతాలు కుదిరాయని లేచి వెళ్లిపోకుండా, పార్ట్‌టైం వాళ్ల పేరు కూడా అదే కాగితం మీదికి ఎక్కేదాకా కలిసి నిలబడ్డారు.

మళ్లీ దీవులకు వద్దాం. న్యాయంగా చెప్పుకోవలసింది ఒకటి ఉంది. యూజీసీ స్కేళ్ల అమలులో అండమాన్ రెగ్యులర్ అధ్యాపకులు మన రాష్ట్రాల వాళ్లంత ఇబ్బంది పడలేదు. కేంద్రం కొంతకాలం 80 శాతం, చివరిసారి 50 శాతం భారం భరించి, మిగతాది రాష్ట్రాలకు వదిలేసేది. ఆ వాటా కోసం, బకాయిల కోసం ఆంధ్ర, తెలంగాణ లెక్చరర్లు చేసిన ధర్నాలకు లెక్క లేదు. 2016 నుంచి రావలసిన స్కేళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ 2019లో గానీ ఉత్తర్వుల్లోకి రాలేదు. దీవుల బడ్జెట్ నేరుగా కేంద్రానిదే కాబట్టి ఈ వాటాల పేచీ అక్కడ లేదు. దీవుల్లో పనిచేసినందుకు అర్హులకు ప్రత్యేక భత్యం కూడా ఉంది. 2017 జులై నుంచి పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో మూలవేతనంలో 10 శాతం, ఉత్తర, మధ్య అండమాన్‌లో 16 శాతం, లిటిల్ అండమాన్, నికోబార్లలో 20 శాతం.

మన దగ్గర ఉన్నది, అక్కడ లేనిది వేరే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో శాసనమండలి ఉంది, అందులో ఉపాధ్యాయ నియోజకవర్గాల నుంచి గెలిచిన ఎమ్మెల్సీలు ఉన్నారు. లెక్చరర్ల సంఘం విద్యాశాఖ మంత్రిని కలవగలదు, సభలో ప్రశ్న వేయించగలదు, ఎన్నికల ముందు మాట తీసుకోగలదు. ప్రభుత్వాలు ఎన్నిసార్లు మాట తప్పినా, అడగడానికి ఒక మనిషి ఉంటాడు. అండమాన్‌కు శాసనసభే లేదు. 1982 దాకా చీఫ్ కమిషనర్, ఆ తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్. ఎన్నికైన ప్రతినిధి లోక్‌సభలో ఒకే ఒక్కడు. కాలేజీ అధ్యాపకులు వినతిపత్రం ఇస్తే అది విద్యాశాఖ నుంచి సెక్రటేరియట్‌కు, అక్కడి నుంచి ఢిల్లీకి వెళుతుంది. సంతకం పెట్టే అధికారి రెండు మూడేళ్లకు బదిలీ అయిపోతాడు. ఆ తర్వాత మిగిలేది కోర్టు. అక్కడికి వెళ్లాలన్నా దారి పొడవే: కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ కోల్‌కతా బెంచి, ఆపైన కలకత్తా హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ సర్క్యూట్ బెంచి, ఆపైన సుప్రీంకోర్టు.

ఈ లోటు రెగ్యులర్ వాళ్లను కాస్త తాకితే, కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులను నిలువునా తాకుతుంది. దేశంలో ఎక్కడైనా గెస్ట్ లెక్చరర్ నియామక ఉత్తర్వు చదివితే ఇంచుమించు ఒకే రకంగా ఉంటుంది. ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా, లేదా రెగ్యులర్ అభ్యర్థి చేరేదాకా, ఏది ముందైతే అంతవరకే ఉద్యోగం. ఎప్పుడైనా కారణం చెప్పకుండా తీసేయవచ్చు. రెగ్యులర్ చేయమని అడగనని అభ్యర్థి ముందే రాసివ్వాలి. దీన్ని కాంట్రాక్టు అనడం నాకు మింగుడుపడదు. ఒక పక్షం రాసి, ఇంకో పక్షం సంతకం మాత్రమే పెట్టేదాన్ని ఒప్పందం అని ఎలా అంటాం?

డబ్బు లెక్క కూడా దగ్గరగా చూడాలి. 2019 జనవరిలో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలంది. అంటే నెలలో 33 పీరియడ్లు చెప్పేసరికి పరిమితి అందుకున్నట్టే. ముప్పై నాలుగోది మొదలు దాదాపు ఊరికే చెప్పడం. అదే మాయాబందర్‌లో కొత్తగా చేరి, దీవుల భత్యానికి అర్హత ఉన్న రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ లెక్క చూడండి. మూలవేతనం 57,700. 2025 జనవరి రేటు 55 శాతం ప్రకారం కరువు భత్యం 31,735. దీవుల భత్యం 16 శాతం, అంటే 9,232. ఇంటి అద్దె కలపకుండానే 98,667 రూపాయలు. వేసవి సెలవుల్లోనూ ఆ జీతం ఆగదు. గెస్ట్ లెక్చరర్‌కు పీరియడు లేని నెలలో పైసా లేదు, భవిష్యనిధి లేదు, ప్రసూతి సెలవు అడిగితే వచ్చే ఏడాది పిలుపు ఉండదేమోనన్న భయం. క్లాసులో పిల్లలకు మాత్రం ఇద్దరూ ఒకే సిలబస్ చెబుతారు, ఒకే జవాబు పత్రాలు దిద్దుతారు.

యూజీసీ 2018 నిబంధనలు ఈ పద్ధతికి ఒక హద్దు పెట్టాయి. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం బోధకుల్లో 10 శాతం దాటకూడదు, వాళ్ల నెల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకూడదు. రాసుకున్నది మంచి మాటే. అమలు చేయించడానికి మాత్రం ఎవరూ లేరు. 2025 జనవరిలో విడుదలైన ముసాయిదా నిబంధనల్లో ఆ 10 శాతం హద్దే కనబడలేదు. ఉన్న రక్షణను అమలు చేయకపోవడం ఒక తప్పు. అమలు కావడం లేదు కదా అని కాగితం మీద నుంచి కూడా తీసేయబోవడం అంతకంటే పెద్ద తప్పు.

చర్చలకు తావు లేనిచోట కోర్టు ఎంతదాకా పోవాల్సి వస్తుందో అండమాన్‌లోనే మరో వర్గం కథ చెబుతుంది. పరిపాలన యంత్రాంగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న దినసరి మజ్దూర్లు, డీఆర్ఎంలు, ఇంచుమించు నాలుగు వేల మంది. రెగ్యులర్ ఉద్యోగి జీతంలో ముప్ఫయ్యో వంతును రోజు కూలిగా, కరువు భత్యంతో కలిపి అందరికీ ఇవ్వాలన్నది వాళ్ల సంఘం పోరాటం. హైకోర్టు వాళ్ల పక్షాన ఆదేశించినా డబ్బు అందలేదు. 2023 ఆగస్టు 3న పోర్ట్ బ్లెయిర్ బెంచి ధిక్కారం కింద ఏకంగా చీఫ్ సెక్రటరీని సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నర్ తన సొంత డబ్బులోంచి ఐదు లక్షలు కట్టాలంది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఒక రాష్ట్రస్థాయి యంత్రాంగాధిపతిని ఒక్క రోజైనా కుర్చీ దింపేదాకా వ్యవహారం వెళ్లిందంటే, అంతకుముందు ఎన్ని ఏళ్లు ఎన్ని వినతిపత్రాలకు జవాబు రాలేదో ఊహించవచ్చు. కూలీలైనా, కాలేజీ పంతుళ్లైనా అక్కడ దారి ఒక్కటే.

కోర్టుల ధోరణి కూడా నిలకడగా లేదు. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, పద్ధతి ప్రకారం జరగని నియామకాలను క్రమబద్ధీకరించకూడదంది. ప్రభుత్వాలు ఆ తీర్పును కాంట్రాక్టు ఉద్యోగి ప్రతి అర్జీకీ అడ్డం పెట్టాయి. 2016లో పంజాబ్ కేసులో అదే కోర్టు సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందంది. 2025 ఆగస్టులో గుజరాత్ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు కనీస స్కేలు ఇవ్వాలని చెబుతూ, వాళ్లు నెలకు 30,000తో నెట్టుకొస్తుండడం మీద ధర్మాసనం గట్టిగా ఆవేదన వెలిబుచ్చింది. తెలంగాణ 2023 ఏప్రిల్ 30న ఐదున్నర వేల మంది కాంట్రాక్టు ఉద్యోగులను, అందులో ఎక్కువగా లెక్చరర్లను, రెగ్యులర్ చేసింది. విశ్వవిద్యాలయాల్లోని కాంట్రాక్టు అధ్యాపకులు అందులో లేరు. 2025 ఏప్రిల్‌లో ఉస్మానియాలో, కాకతీయలో వాళ్లు సమ్మెకు దిగారు. ఎన్నికైన ప్రభుత్వం, మండలి, సంఘాల బలం ఉన్నచోటే పరిస్థితి ఇలా ఉంది.

2025 అక్టోబరు 28న ఎనిమిదో వేతన సంఘం విధివిధానాలను కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షురాలు, గడువు 18 నెలలు. ఇంతవరకు జరిగినట్టే జరిగితే, దాని వెంట అధ్యాపకులకు మరో కమిటీ వస్తుంది, మళ్లీ అంకెల బేరం నడుస్తుంది. దీవుల అధ్యాపక సంఘాలు ఈసారి స్కేళ్ల గురించి రాసే వినతిపత్రంలో రెండు కోరికలు అదనంగా చేర్చాలి. కేంద్రపాలిత ప్రాంతాల ఉద్యోగులను జేసీఎం నుంచి తప్పించిన 1966 నాటి మినహాయింపును ఎత్తేయాలి. గెజిటెడ్ అధ్యాపకులకూ, వాళ్ల పక్కనే పాఠం చెప్పే కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులకూ కలిపి, పరిపాలన యంత్రాంగంతో ఏడాదికి రెండుసార్లయినా సమావేశమై నిర్ణయాలు రాసుకునే మండలి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. ఈ రెండిటికీ చట్టసభ అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. మొదటిదానికి కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు సరిపోతుంది. రెండోదానికి లెఫ్టినెంట్ గవర్నర్ సంతకం చాలు.